మేడ మీది సాలీడు

పరమేశ్వర్ మెట్లెక్కింది ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికి. దిగింది మాత్రం ఆ ఇంటి తాళంచెవి జేబులో వేసుకుని. ఇన్నేళ్ల బట్టల వ్యాపారంలో అమ్మబోయి కొనుక్కొచ్చిన బేరం ఆయనకు ఇదొక్కటే.

పై వాటాలో కిరాయికుండే డేవిడ్ ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్తాడు. సొంతూరు కట్టంగూర్. ఆ పొద్దున అతను హాలియా బస్సుకు తయారై ఉన్నాడు. పుట్టింటికి కాన్పుకు పోయిన భార్య గ్రేస్‌నూ, అక్కడే పుట్టిన ఆడపిల్లనూ తోలుకొని రావడానికి పోతున్నాడు. మంచం మీద కొత్త దోమతెర, చిన్న చిన్న అంగీలు, ఒక ఎర్ర గిలక్కాయ. ఆ గిలక్కాయ కంటపడేసరికి, మెట్ల మీద సిద్ధం చేసుకున్న మాటను పరమేశ్వర్ మనసులోనే ఉంచుకున్నాడు.

"మంచిగొచ్చిన్రు అంకుల్. నేనే కిందికొద్దామనుకుంటున్న. మీతోని చిన్న పనిపడ్డది" అని డేవిడ్ కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు.

బల్ల మీద గాజుపెట్టె. దాని అడుగున కొబ్బరిపొట్టు, ఒక మూలకు పగిలిన కుండపెంకు, ఇంకో మూలకు సీసామూతలో నీళ్లు. పెంకు నీడలో అరచేయంత సాలీడు కూర్చుని ఉంది. ఒళ్లంతా నూగు, కాల్చిన ఇటుక రంగు. వీపు వెనకాల నూగు రాలిపోయి, నున్నగా నల్లబడి ఉంది. బస్తాలో అడుగున పడి రంగు చెడిన గుడ్డలా ఉంది దాని వాలకం.

"హైదరాబాద్ దోస్తు దగ్గర తెచ్చుకున్న, ఇంకా నెల గూడ కాలే. గిప్పుడు తోలు ఇడిచే టైమొచ్చింది. అందుకే తింటలేదు. నీళ్లు మార్చుడొక్కటే మీ పని. క్యాన్ నీళ్లు పొయ్యున్రి, బోరు నీళ్లు వద్దు."

"మేం తాగేదే బోరు నీళ్లు గద సారూ."

"ఫ్లోరైడు నీళ్లకు దానికి మనలెక్క పళ్లు పచ్చబడుడు కాదంకుల్, పానమే పోతది" అని నవ్వి, డేవిడ్ ఇంకా ఏవేవో చెప్పుకుపోయాడు. తిండి వెయ్యొద్దన్నాడు. పెట్టె కదపొద్దన్నాడు. తోలు విడిచేటప్పుడు అది ఎట్లా ఉంటుందో కూడా చెప్పాడు. పరమేశ్వర్ తల ఊపాడు గానీ సగం మాటలు చెవిన పడలేదు. ఆయన తలకాయలో నిన్నటి సాయంత్రం నడుస్తోంది.

నిన్న సాయంత్రం గురువయ్య దుకాణానికి వచ్చాడు. ఆయన రిటైరైన సర్వేయరు, గల్లీ సంఘానికి పెద్ద. చిన్నకొడుకు పెండ్లి బట్టలన్నీ పరమేశ్వర్ దగ్గరే తీస్తానని నెల ముందే మాటిచ్చాడు. గట్టుప్పల నేత చీరలు ఒక్కొక్కటి మడత విప్పించి చూస్తూ, చూస్తూనే అన్నాడు: "పరమేశన్నా, నీ పై వాటాల అరచెయ్యంత సాలీడును సాకుతున్నరట. ఆడోళ్లు బుగులు పడుతున్నరు. పురుగునన్న తీయించు, మనిషినన్న తీయించు."

పరమేశ్వర్ ఆ రాత్రే లెక్క వేసుకున్నాడు. కిరాయిదారు పోతే వారంలో ఇంకొకరు దొరుకుతారు. పెండ్లి బట్టల బేరం పోతే మళ్లీ రాదు. లెక్కలో తప్పేమీ లేదు. గిలక్కాయ ఒక్కటే ఆ లెక్కలో లేదు.

"యాదమ్మ ఆంటీకి గూడ చెప్పున్రి, భయపడొద్దని" అంటూ డేవిడ్ తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

*

పరమేశ్వర్ భార్య యాదమ్మ భయపడింది, కానీ ఒక పూటే. పొద్దున తలుపు దగ్గరే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. సాయంత్రానికి గాజుపెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది.

"గింత పెద్ద పానం, గింతంత నీళ్లతోనే బతుకుతదా? మహాతల్లి, మనాది పెట్టుకున్నట్టు మూలకు కూసున్నది."

"తింటలేదట. తిండి వెయ్యొద్దన్నడు సారు."

"తినదని పెట్టకుంటమా? నువ్వు దుకాణంల అలిగినప్పుడు గూడ నేను పెట్టుడు మానలేదు."

ఆమెకు దాని మీద ఆసక్తి కలగడానికి కారణం మరునాడు తెలిసింది. పరమేశ్వర్ నీళ్లు మార్చడానికి పైకి పోయేసరికి సాలీడు పెంకు నీడలోంచి బయటికొచ్చి పని చేస్తోంది. వెనకభాగాన్ని కుడికీ ఎడమకూ ఊపుతూ, తోకలాంటి రెండు కొసల నుంచి సన్నటి దారం వదులుతోంది. కొబ్బరిపొట్టు మీద తెల్లటి పొర ఒకటి పరుచుకుంటోంది. ఒక వరస వేసి, కొద్దిగా జరిగి, మళ్లీ వరస. పరమేశ్వర్ పుట్టింది మగ్గం చప్పుళ్లో. దుకాణం పెట్టకముందు వాళ్ల నాయిన చేతికింద ఆయన కూడా నేశాడు. చేతిలో గ్లాసు మరిచిపోయి అట్లాగే నిలబడ్డాడు.

"అంచు లేదు" అన్నాడు చివరికి.

"ఏందీ?"

"అంచు లేకుంట నేస్తాంది. గానీ పోగు ఒక్కటి తెగలే సూడు."

"సాలోళ్ల ఇంట్ల సాలెపురుగు కిరాయికి దిగిందని నర్సింగమ్మ నవ్వుతాంది. నవ్వనీ. పనోళ్లు పనోళ్లే" అంది యాదమ్మ.

నర్సింగమ్మది ఎదురిల్లు. డాబా మీద బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి ఈ పెట్టెను మొదట చూసిందీ, గల్లీకి చెప్పిందీ ఆమే. నవ్వడం వరకైతే సరే. ఆ మధ్యాహ్నమే ఆమె జాకెట్టు గుడ్డ కోసం దుకాణానికి వచ్చి, మెడ మీద దద్దుర్లు చూపించింది.

"ఇగో సూడు సేటూ. సాలీడు పాకితె గిట్లనే లేస్తయట."

"అది గాజుపెట్టెల ఉన్నది నర్సింగమ్మా. మూత మీద తాళం పెట్టినట్టే ఉన్నది. నీ మెడ మీదికి ఏ తొవ్వల వచ్చింది?"

"అవన్నీ నాకు తెల్వదు. దురద మాత్రం నాదే గద."

అంతలోనే గురువయ్య కూడా వచ్చాడు. పెండ్లికూతురి చీర కోసం రెండు రకాలు పక్కన పెట్టించుకుని ఉన్నాడు. పరమేశ్వర్ ఒక చీర అంచు తిప్పి, మగ్గం మీద గుడ్డను సాగదీసి పట్టే కర్ర సూదులు దిగిన చిన్న చిన్న రంధ్రాలు చూపించాడు. "ఇవి ఉంటే చేతిమగ్గం, లేకుంటే మిషన్ది. రెండోది గూడ నా దగ్గరున్నది. అది అడిగినోళ్లకు అదే అని చెప్పి ఇస్త." అదొక్కటి ఆయన దుకాణం పెట్టిననాడు వేసుకున్న కట్టుబాటు. ఒకటి చూపించి ఇంకొకటి కట్టి ఇవ్వడమన్నది లేదు.

గురువయ్య రంధ్రాలు చూసి తలూపి, చీర పక్కకు పెట్టాడు. "ఐతారం సాయంత్రం గల్లోళ్లందరం నీ అరుగు ముందర కూసుంటున్నమన్నా. నువ్వొక మాట చెప్పాలె."

పరమేశ్వర్ చీర మడత పెడుతూ నిదానంగా అడిగాడు: "పురుగు లేకుంట చేస్తే, మనిషి ఉండొచ్చా?"

"పురుగే గదనే మా బాధ. మనిషితోని మాకేం పని?"

"మాటేనా?"

"మాటే."

పరమేశ్వర్ బల్ల మీదుగా చెయ్యి చాపాడు. గురువయ్య చేతిలో చెయ్యి వేశాడు. నర్సింగమ్మ మెడ గోక్కుంటూ చూసింది. బేరం కుదిరింది. పరమేశ్వర్‌కు ప్రాణం తేలికపడింది. డేవిడ్ ఆదివారానికల్లా వస్తే వచ్చాడు, లేకుంటే ఫోన్లో చెప్పి, ఆ పెట్టెను హైదరాబాద్ బస్సులో దోస్తుకు పంపిస్తే సరిపోతుంది. పిల్లతల్లి ఇంటికి వస్తుంది. పెండ్లి బట్టలూ తనవే. ఎవరికీ నష్టం లేని బేరం ఎప్పుడో గానీ పడదు.

*

ఐతారం పొద్దున యాదమ్మ పైనుంచి పిలిచిన పిలుపుకు పరమేశ్వర్ పళ్లు తోముకునే పుల్ల పారేసి పరుగెత్తాడు.

సాలీడు తాను నేసుకున్న తెల్లటి పక్క మీద ఎల్లెలుకల పడి ఉంది. కాళ్లన్నీ పైకి, అటూ ఇటూ చాపుకుని. కదలిక లేదు.

"అయిపాయె" అన్నాడు.

ఆయనకు మొదట కలిగింది నిమ్మళం. దాచుకోవడానికేమీ లేదు, అదే కలిగింది. బస్సు లేదు, దోస్తు లేదు, సాయంత్రం అరుగు మీద ఒక్క మాటతో తీరిపోతుంది. ఆ వెంటనే, నమ్మి ఇచ్చిపోయిన సరుకు తన చేతిలో చెడిపోయిందన్న సిగ్గు వచ్చి నిమ్మళం మీద కూర్చుంది.

యాదమ్మ ముఖం పాలిపోయింది. "నేనే తప్పు చేసిన్నేమోనయ్యా. రాత్రి దానికి తిండేసిన."

"ఏమేసినవ్?"

"గా తవుడు డబ్బాల సారు పెంచే పురుగులు, రెండు. అది నేసుకుంట ఉంటే పానం ఒప్పలే. అత్త బతికున్నప్పుడు, మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన నాడు నేసేటోన్ని ఉపాసముంచకపోయేది. వానికి పెట్టినంకనే ఇంట్లెవరన్నా తినుడు. నాకదే యాదికొచ్చింది."

 తల్లి ఆ రోజుల్లో తనకు పెట్టిన జొన్నరొట్టె పరమేశ్వర్‌కూ గుర్తుంది. ఫోన్ తీసి డేవిడ్‌కు కలిపాడు. అటువైపు పసిపిల్ల ఏడుపు వినబడుతోంది.

"సారూ, ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మీ సాలీడు పోయింది."

డేవిడ్ పక్కకు జరిగినట్టున్నాడు, ఏడుపు దూరమైంది. తర్వాత, "ఎల్లెలుకలున్నదా అంకుల్? లేకుంటే బోర్ల పడి, కాళ్లు కిందికి ముడుచుకున్నదా?"

"ఎల్లెలుకల. కాళ్లు చాపుకుని."

"అయితే సావలే. తోలు ఇడుస్తాంది. చెప్పిన గద అంకుల్ ఆనాడు, పక్క నేసుకుని ఎల్లెలుకల పంటదని."

పరమేశ్వర్ కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "చెప్పినవ్. నేనే వినలే."

"లోపల తిండేమన్న ఉన్నదా?"

"రెండు పురుగులు."

ఈసారి డేవిడ్ గొంతు మారింది. "తియ్యాలె అంకుల్. గిప్పుడే తియ్యాలె. ఇప్పుడది పురిటాలు లెక్క మెత్తగ ఉంటది. చిన్న పురుగు గూడ కొరికి సంపుతది. కానీ దాన్ని తాకొద్దు, పెట్టె కదపొద్దు, పక్క చింపొద్దు. మీతోని అయితదా?"

"చూస్త. ఫోన్ పెట్టెయ్యి."

"అంకుల్, ఇంకొక మాట ఉండె మీతోని..." అని డేవిడ్ ఆగి, "పోనీయున్రి, వచ్చినంక చెప్త" అన్నాడు.

పరమేశ్వర్ కిందికి పోయి చీరల మీది ముడులు ఏరే పొడుగాటి చిమటా తెచ్చాడు. కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. యాదమ్మ ఫోన్ దీపం పట్టింది. ఒక పురుగు నీళ్లమూత పక్కన దొరికింది, సులువుగానే వచ్చింది. రెండోది కనబడలేదు. చాలాసేపు చూడగా చూడగా, సాలీడు పక్కటెముకలనుకోదగిన చోట, తెల్లటి పొర కింద ఏదో కదిలింది. అది పొట్టులోంచి పొర వైపుకు తవ్వుకుంటూ వస్తోంది.

పట్టుచీర మీద ముడి పడితే దాన్ని గట్టిగా లాగకూడదు. లాగితే పోగు జారి, చీర పొడుగునా గీత పడుతుంది. ముడిని పైకి రానివ్వాలి, వచ్చినప్పుడు కొస అందుకోవాలి. ఆయన చిమటా కొసలు తెరిచి పొట్టు మీద ఆనించి, చెయ్యి కదలకుండా ఉంచాడు. మోచేయి తీపులు పెట్టింది. చెమట కనుబొమ్మ మీదికి వస్తే యాదమ్మ కొంగుతో అద్దింది. పురుగు తలకాయ బయటపెట్టింది. ఆయన తొందరపడలేదు. ఇంకొంచెం రానిచ్చి, పట్టి, నిలువుగా పైకి తీశాడు. పొర చిరగలేదు.

"పెట్టుడు మానలేదంటివి. ఇగ మాను" అన్నాడు. యాదమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఆ రోజు ఐతారం గిరాకీ. అయినా దుకాణం షట్టర్ లేవలేదు. ఇద్దరూ పెట్టె ముందు పీటలు వేసుకుని కూర్చున్నారు. పొద్దెక్కుతుండగా సాలీడు వీపు డొప్ప పక్కల నుంచి చీలింది. అప్పుడు మొదలైంది దాని తిప్పలు. ఒక్కో కాలునూ బిగుతు చేతుల జాకెట్టులోంచి లాగుకున్నట్టు, కొద్దిగా లాగి ఆగడం, మళ్లీ కొద్దిగా లాగడం. మధ్య మధ్య ఎంతసేపు ఆగేదంటే, ఇగ అయిపోయిందేమోనని పరమేశ్వర్ ముందుకు వంగేవాడు. యాదమ్మ మోకాలు మీద తట్టి వెనక్కి లాగేది. గాలి ఆడక మెడల మీద చెమట కారుతున్నా ఫ్యాన్ వెయ్యలేదు.

"నా కాన్పుల బయటనే కూసుంటివి. గిది మాత్రం కండ్లార చూస్తున్నవ్" అంది ఆమె.

మధ్యాహ్నం దాటాక మొత్తం బయటికొచ్చింది. లేత గులాబీ రంగు కాళ్లు, పాలలో ముంచినట్టు తెల్లటి కోరలు, మెరిసే కొత్త నూగు. పక్కనే పాతది. ఎనిమిది కాళ్లూ, గోళ్లూ, నూగూ, డొప్పా అన్నీ ఉన్నాయి. ఏదీ లోపించలేదు, లోపలుండే సాలీడు తప్ప.

మళ్లీ ఫోన్ కలిపి చెబితే డేవిడ్ చాలాసేపు నవ్వాడు. "ఇగ వారం దాన్క దాన్ని కదిలించొద్దంకుల్. తిండి గూడ వద్దు, కోరలు నల్లబడాలె. బస్సులెక్కించుడు, బండిల తీస్కపోవుడు అసలే వద్దు, పోతది. విడిచిన తోలును సాయంత్రం మెల్లగ తియ్యొచ్చు. అచ్చం ఇంకో సాలీడు లెక్కనే ఉంటది, ఆంటీని భయపడొద్దనున్రి."

ఫోన్ పెట్టేశాక పరమేశ్వర్‌కు సాయంత్రం గుర్తొచ్చింది. పురుగు లేకుండా చేస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాడు. పురుగును కదిలిస్తే చస్తుంది. కదపకపోతే మాట పోతుంది, పిల్లతల్లికి ఇల్లు పోతుంది. ఏ వైపు నుంచి లెక్క కట్టినా నష్టమే తేలుతోంది. పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు సాలీళ్లు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఏది పాతదో, ఏది కొత్తదో తెలియనివాడు చూస్తే...

ఆయన చిమటా అందుకున్నాడు.

*

అరుగు ముందు కుర్చీలు వేసుకుని గల్లీ జనం కూర్చున్నారు. గురువయ్య మధ్యలో. పరమేశ్వర్ ఇంట్లోంచి చీరల అట్ట ఒకటి రెండు చేతుల మీద పట్టుకుని వచ్చాడు. అట్ట మీద ఉన్నదాన్ని చూసి నర్సింగమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"ఇగో. ఇదే గద మీరు చెప్పింది."

"సచ్చిందా?" అన్నాడు గురువయ్య, మెడ సాచి.

పరమేశ్వర్ ఒక అడుగు ముందుకు వేశాడు. అట్టను నేల మీద వంపాడు. కాలి చెప్పు తీసి ఒక దెబ్బ వేశాడు. ఎండిన బెండకాయ నలిగినంత చప్పుడైంది. ఇంకో దెబ్బ వేశాడు. కాళ్లు విరిగి తలా ఒక దిక్కు పడ్డాయి.

"నెత్తురు గూడ లేదేంది సేటూ?" అంది నర్సింగమ్మ.

"ఎన్నొద్దులాయె అది తినక. ఏముంటది లోపల?"

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా పరమేశ్వర్ మెడ వెనక వేడెక్కింది. ఒకటి చూపించి ఇంకొకటి కట్టి ఇవ్వడమంటే ఇదే. దుకాణంలో ఏనాడూ చెయ్యని పని, సొంత అరుగు మీద చేస్తున్నాడు. అగ్గిపుల్ల గీసి ఆ ముక్కల మీద వేశాడు. వెంట్రుకలు కాలిన వాసన ఒక్కసారి గుప్పుమని, అంతలోనే ఆరిపోయింది. తలుపు చాటు నుంచి యాదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అక్కడ పోసింది. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు.

జనం లేవబోయారు. ఒకాయన కుర్చీ మడత పెట్టాడు. గురువయ్య లేవలేదు.

"సరే, పురుగు సంగతి అయింది. ఇగ ఆయనకెప్పుడు చెప్తవన్నా?"

"ఏం చెప్పాలె?"

"ఖాళీ చెయ్యమని. నువ్వు మెత్తటోనివి, చెప్పలేవని నిన్ననే నేను ఫోన్ల చెప్పిన. నువ్వు గూడ ఒక మాటంటే అయిపోతది."

పరమేశ్వర్ చెప్పు కాలికి వేసుకుంటూ ఆగాడు. పొద్దున ఫోన్లో డేవిడ్ చెప్పబోయి మింగిన మాట ఏమిటో ఇప్పుడు తెలిసింది. "నిన్న చెప్పినవా? నాకు చేతిల చెయ్యేసినంకనా?"

"అది పురుగు సంగతి. ఇది మనుషుల సంగతి. అప్పుడు పేరు విన్నంక గూడ కులం అడగకుంటనే ఇల్లిచ్చినవ్. ఇయ్యాల ఒక్కడున్నడు, రేపు వాళ్లోళ్లందరొస్తరు. ఐతారమైతే పాటలు పెడ్తరు. గల్లి గల్లి లెక్క ఉండాల్నా వద్దా?"

 పరమేశ్వర్ గురువయ్యను గిరాకీని చూసినట్టు చూశాడు, కింది నుంచి పైకి. బల్ల మీద ఒక చీర పరిపించుకుని, కళ్లు మాత్రం అల్మారాలో ఇంకోదాని మీద పెట్టుకునే గిరాకీలు ఆయనకు కొత్త కాదు. ఇన్నిరోజులూ ఈయన బేరమాడింది సాలీడును కానే కాదు. మెడ వెనక వేడి అప్పుడు తగ్గింది. కల్తీ సరుకుకు కల్తీ సరుకే ముట్టింది.

"గురువయ్యా, బేరం పురుగు మీద అయింది. సరుకు నీ ముందర పెట్టిన, నీ కండ్ల ముందరే కాలవెట్టిన. ఇంకో సరుకు కావాల్నంటే అది నా దుకాణంల లేదు."

"అట్లనా? అయితే పెండ్లి బట్టలు గూడ నీ దుకాణంల దొరకవనుకుంటనన్నా."

"బజార్ల ఇంకా మంచి దుకాణాలున్నయి. అంచు తిప్పి చూసి తీసుకో, మోసపోతవ్."

గురువయ్య చుట్టూ చూశాడు, ఎవరైనా అందుకుంటారేమోనని. అందుకున్నది నర్సింగమ్మ. ఆమె మెడ గోక్కోవడం ఆపి, "దుకాణంల నా ముందరే అంటివి గద గురువయ్యా, మనిషితోని పనిలేదని. పచ్చి బాలింత, పిల్లనెత్తుకొని యాడ తిరుగుతది? పురుగు వోయె. నా దురద గూడ తగ్గుతాంది" అంది. అని, తన కుర్చీ తాను ఎత్తుకుని పోయింది. ఆమె వెనక మిగతా కుర్చీలూ ఒక్కొక్కటే లేచాయి.

*

మరుసటి మధ్యాహ్నం గల్లీలోకి ట్రాలీ ఆటో వచ్చింది. ముందు సీట్లో గ్రేస్, ఆమె ఒళ్లో తెల్లగుడ్డలో చుట్టిన పిల్ల. వెనక ఖాళీ ట్రాలీలో డేవిడ్, అతని పక్కన మడతపెట్టిన గోనె సంచులు, తాళ్లచుట్ట. యాదమ్మ గుమ్మంలోనే వాళ్లను ఆపింది.

"మీ దాంట్ల దిష్టి తీస్తరో లేదో నాకు తెల్వదు బిడ్డా."

"తియ్యున్రి ఆంటీ. దిష్టికి మీదీ మాదీ ఏముంటది" అంది గ్రేస్. యాదమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసి, పిల్లను చేతుల్లోకి తీసుకుంది.

డేవిడ్ లోపలికి వచ్చినా ఆటోను పంపలేదు. బండి కిందనే గుడగుడమంటోంది. పైకొచ్చి గాజుపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. సాలీడు కాళ్లు కూడదీసుకుని, ఇప్పుడు సరిగా నిలబడి ఉంది. కోరలు తేనె రంగుకు తిరిగాయి గానీ ఇంకా నల్లబడలేదు.

"మంచిగ చేసిన్రు అంకుల్. ఒక్క కాలు గూడ పోలేదు" అన్నాడు. తర్వాత లేచి, గోడ వైపు చూస్తూ, "గురువయ్య సారు ఫోన్ చేసిండు. మీకు ఇబ్బంది కావొద్దు. సామాను ఇయ్యాల్నే తీస్కపోత. దీన్నొక్కదాన్ని మాత్రం వారం మీ దగ్గరుంచుకోవాలె. ఇది ఇప్పుడు ఆటోల పోతే బతకది."

"పిల్ల బతుకుతదా ఆటోల?" అన్నాడు పరమేశ్వర్.

 డేవిడ్ మాట మార్చడానికన్నట్టు పెట్టెలోకి మళ్లీ చూశాడు. "తోలు ఏదంకుల్? తీసి దాచిన్రా? దాంట్లనే తెలుస్తది అది ఆడదో మగదో. ఇంకోటేందంటే, పాప ఇంటికొచ్చిన వారంల ఇడిచింది గదా, యాదికి అద్దంల పెట్టి గోడకేద్దామనుకున్న."

పరమేశ్వర్ తల గోక్కున్నాడు. వ్యాపారంలో ఇంతవరకు ఎవరికీ చెప్పుకోవలసిన అవసరం రాని సంగతి. "దాన్ని చెప్పుతోని కొట్టిన" అన్నాడు.

"ఏందీ?"

"నలుగుట్ల పెట్టి చెప్పుతోని కొట్టి, అగ్గి పెట్టిన. గల్లోళ్లకు అదే సాలీడని చూపించిన. వాళ్లు చూసిన్రు, కుర్చీలు తీస్కపోయిన్రు. ఇగ కిటికీకి పరదా కట్టు సారూ, కట్టి మర్చిపో."

డేవిడ్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని, పరమేశ్వర్ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. కింద నుంచి గిలక్కాయ చప్పుడూ, యాదమ్మ ఎవరితోనో పిల్లకు తల్లి పోలికని చెప్తున్న మాటా వినబడ్డాయి.

"మళ్లెప్పుడు ఇడుస్తది?" అని అడిగాడు పరమేశ్వర్.

"పెద్దది గద అంకుల్. ఏడాదికో, రెండేళ్లకో."

"ఆ తోలు నీకు నేను బాకీ. బాకీ ముట్టేదాన్క ఉండాలె మరి."

ఆ మాట అని ఆయన డేవిడ్ జవాబు కోసం ఆగలేదు. మెట్ల దగ్గరికి పోయి, పిట్టగోడ మీద వంగి, కింద ఆటో అబ్బాయిని కేకేశాడు.

"బండి తీస్కపో తమ్మీ. ఎక్కించే సామానేం లేదు."